బస్తీ బాలవాడీ నుంచి ‘అసర్’ దాకా

1995లో ముంబయి మురికివాడల్లో ‘ప్రథమ్’ సంస్థ మొదలుపెట్టిన బాలవాడీలకు సొంత భవనాలు లేవు. గుడి, వసారా, ఎవరింట్లోనో ఖాళీ గది... చోటు దొరికితే చాలు. ఆ బస్తీల యువతులే పిల్లలకు కథలు చెప్పారు, అక్షరాలు నేర్పారు. వ్యవస్థాపకులు మాధవ్ చవాన్, ఫరీదా లాంబే.

ఈ సంస్థ చొరవతోనే 2005లో ‘అసర్’ సర్వే వచ్చింది. వాలంటీర్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ ఉంటాయి. ఎంతవరకు చదివితే అదే స్థాయి.

పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఇక్కడే: బడిలో జరిపిన ‘న్యాస్’ (జాతీయ సాధన సర్వే) ప్రభుత్వానిది, ‘అసర్’ కాదు. అలాగే ప్రథమ్ బుక్స్ (2004) ప్రథమ్ కాదు, మరో సంస్థ. దాని ‘స్టోరీవీవర్’ వేదిక 2015 సెప్టెంబరు 8న, అక్షరాస్యతా దినోత్సవం నాడే మొదలైంది. తెలుగు కథలూ అందులో ఉచితమే.