కుండ, కుమ్మరి, రేడియం

ముప్పై మూడేళ్లు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. మా నాన్నగారు తర్కం చదువుకున్న మనిషి. క్లాసులో హైసెన్‌బర్గ్, ఇంట్లో ఉదయనాచార్యుడు. క్వాంటం వచ్చాక దేవుడున్నాడనే వాదాలు నిలుస్తాయా అని పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు తెలిసొచ్చినవి చెబుతాను.

1. ముందు వాదమేమిటో సరిగ్గా తెలుసుకోండి. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నాడు; భూమీ అలా పుట్టిన వస్తువే కనుక దానికీ ఒక కర్త ఉండాలి. వెయ్యేళ్ల కిందట ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో చెప్పిన వాదాల్లో ఇదొకటి. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్ కూడా కారణాల గొలుసు పట్టుకునే మొదటి కారణం దాకా వెళ్లాడు. నేను ‘కారణం’ అన్నప్పుడల్లా నాన్నగారు ఆపేవారు: “మట్టీ కారణమే, సారె కారణమే, కుమ్మరీ కారణమే. నువ్వు దేని సంగతి మాట్లాడుతున్నావురా?”

2. రేడియం తెచ్చిన చిక్కు నిజమైనది, దాన్ని దాటవేయకండి. రేడియం-226 అర్ధాయుష్షు సుమారు 1600 ఏళ్లు. ఒక ముక్కలో సగం పరమాణువులు ఎన్నాళ్లకు విఘటనం చెందుతాయో చెప్పగలం. ఫలానా పరమాణువు ఈ క్షణంలోనే ఎందుకు, పక్కది ఎందుకు కాదు అంటే క్వాంటం సిద్ధాంతం సంభావ్యత చెప్పి ఊరుకుంటుంది. లోపల ఏదో కారణం దాగి ఉందేమో అని చాలామంది ఆశపడ్డారు. 1964లో భౌతికశాస్త్రవేత్త బెల్ ఇచ్చిన సూత్రాన్ని ప్రయోగాలతో పరీక్షించినవారికి 2022లో నోబెల్ వచ్చింది. అక్కడికక్కడే దాగిన కారణాలతో సరిపెట్టుకోవడం ఇక కుదరదని తేలింది. 1952లో బోమ్ చూపిన దారి, అంటే ఎంత దూరాన ఉన్నదానితోనైనా తక్షణం ముడిపడిన కారణం, ఇంకా తెరిచే ఉంది. శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు.

3. అలాగని “కారణం లేకుండా జరిగింది” అనేయకండి. కేంద్రకం ఉంది, కుండకు మట్టిలాగా. నియమమూ ఉంది, 1928లో గామో ఆ లెక్క కట్టి చూపాడు. లేనిది “ఇప్పుడే” అనడానికి కారణం. శూన్యం నుంచి విశ్వం పుట్టిందని 2012లో భౌతికశాస్త్రవేత్త లారెన్స్ క్రాస్ పుస్తకం రాస్తే, క్వాంటం శూన్యంలో క్షేత్రాలున్నాయి, అది ఏమీ లేకపోవడం కాదని తత్వవేత్త డేవిడ్ ఆల్బర్ట్ అడ్డుచెప్పాడు. నేను ఆల్బర్ట్ పక్షం. అయితే కుండ వాదానికి దెబ్బ తగలలేదని కాదు. కుండల దగ్గర నేర్చుకున్న నియమం కేంద్రకం దగ్గరే తడబడితే, విశ్వం పుట్టుకకు దాన్ని కళ్లు మూసుకుని అన్వయించలేం.

4. పరిశీలకుడు చూస్తేనే కణం స్థిరపడుతుంది, కాబట్టి చైతన్యమే బ్రహ్మమని ఒకసారి సభలో చెప్పాను. తప్పు చెప్పాను. మనిషి చూడకపోయినా డిటెక్టర్ నమోదు చేసుకుంటుంది.

5. అనుమానంతో, అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించే తర్కంతో, ఈశ్వరుణ్ణి సిద్ధింపజేయలేమని శ్రీభాష్యంలో రామానుజులే వాదించారు. కుండల్ని బట్టి పోతే శరీరమున్న కర్తలు, అదీ అనేకులు తేలుతారన్నారు. ఆయనకు శాస్త్రం, అంటే వేదమే ప్రమాణం. కుండ వాదం పోతే భక్తి పోతుందని భయపడేవాళ్లకు ముందుగా ఇది చెబుతాను.

6. పెద్దవాళ్ల దగ్గర ఇవి దాచకండి. నాన్నగారికి ఎనభై దాటాక రేడియం సంగతి చెప్పాను. “పక్కదానికీ దీనికీ తేడా ఏమీ లేదా?” అని రెండుసార్లు అడిగారు. తెలిసినంతలో లేదన్నాను. మర్నాడు తెల్లవారుజామునే లేచి, కళ్లద్దాలు పెట్టుకుని, ఉదయనుడి పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి తెరిచారు.