ఆరో వారం... షుగర్ మాత్రలు మానేయాలా?

సమస్య: నా వయసు 29. మూడేళ్లుగా టైప్-2 షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. బీపీకీ ఒక మాత్ర ఉంది. ఇప్పుడు ఆరో వారం గర్భం. హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చింది. మాత్రలతో బిడ్డకు అవకరం వస్తుందని మా అత్తయ్య అన్నీ మాన్పించారు. ఇన్సులిన్ మొదలుపెడితే జీవితాంతం వదలదట. ఏం చేయాలి?
– ఒక సోదరి, నిజామాబాద్

సలహా: ముందు ఒకట్రెండు రోజుల్లోనే డాక్టరును కలవండి. బిడ్డ గుండె, మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే వారాలివే. ఈ సమయంలో తల్లి రక్తంలో చక్కెర ఎక్కువైతే అవకరాల ముప్పు పెరుగుతుంది. 8.1 వచ్చినంత మాత్రాన బిడ్డకు లోపం ఉన్నట్టు కాదు. ఇప్పటినుంచి ఎంత తగ్గిస్తే అంత మేలు.

అత్తయ్యగారి భయంలో కొంత నిజం ఉంది. బీపీకి వాడే ఎనాలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి గర్భిణులకు పనికిరావు. వాటి బదులు డాక్టరు వేరే మందు రాస్తారు. మెట్‌ఫార్మిన్ సంగతి వేరు. అది కొనసాగించాలా, ఇన్సులిన్‌కు మారాలా అన్నది డాక్టరే తేలుస్తారు. మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లి చూపించండి.

ఇన్సులిన్‌కు భయపడొద్దు. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను దాటి బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ దాదాపు చేరదు. 1921లో టొరంటోలో దాన్ని కనుగొనక ముందు షుగర్ ఉన్న స్త్రీకి గర్భం నిలవడమే అరుదు. నెలలు గడిచేకొద్దీ మాయ హార్మోన్ల వల్ల డోసు పెరుగుతుంది, దాంతో జబ్బు ముదిరిందని బెంగపడొద్దు. కాన్పయ్యాక ఆ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. టైప్-2 ఉన్నవారిలో చాలామంది మళ్లీ మాత్రలకే వెళ్తారు.

ఇంట్లో గ్లూకోమీటరు ఉండాలి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండేలా చూసుకోవాలి. 70 కంటే తగ్గి చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి.

ఇద్దరి కోసం తినాలంటూ అన్నం పెంచొద్దు. రాగి జావ మంచిదని గ్లాసులకొద్దీ తాగేవారూ ఉన్నారు, అదీ పిండిపదార్థమే. ఒకసారి తాగిన గంటకు వేలు గుచ్చి చూస్తే మీకే తెలుస్తుంది. పెసరట్టు, గుడ్డు, ఆకుకూర పప్పు నయం.

ఫోలిక్ యాసిడ్ డోసు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ గురించి డాక్టరును అడగండి. కంటి రెటీనా, కిడ్నీ పరీక్షలు ఇప్పుడే చేయించుకోండి. 18–22 వారాల మధ్య టిఫా స్కాన్‌తో పాటు బిడ్డ గుండెకు ఫీటల్ ఎకో అవసరం. కాన్పుకు నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రిని ఎంచుకోండి.

డాక్టరు దగ్గరకు అత్తయ్యగారినీ తీసుకెళ్లండి. ఆమె అనుమానాలన్నీ అక్కడే అడగనివ్వండి.