స్కోర్‌కార్డులో శ్రీచరణి

బౌలర్ గురించి మనం మొదట అడిగేది ఒకటే: ఎన్ని వికెట్లు? 2025 మహిళల వన్డే వరల్డ్ కప్‌లో శ్రీచరణి 9 మ్యాచ్‌ల్లో 14 వికెట్లు తీసింది. మన టీమ్‌లో దీప్తి శర్మ (22) తర్వాత ఆమెవే ఎక్కువ. కానీ నాకు ఆ పక్క కాలమ్ మీద ఇంట్రెస్ట్ ఎక్కువ. ఓవర్‌కి ఎన్ని పరుగులిచ్చింది అని చెప్పేది, అదే ఇకానమీ.

ముందు కొంచెం పరిచయం. శ్రీచరణిది కడప జిల్లా ఎర్రమల్లె, పుట్టింది 2004లో. నాన్నగారు ఆర్టీపీపీలో ఉద్యోగి. స్కూల్ రోజుల్లో వేరే ఆటలు ఆడి, క్రికెట్‌ని సీరియస్‌గా తీసుకుంది టీనేజ్‌లోనే. మొదట ఫాస్ట్ బౌలింగ్ వేసేది, తర్వాత లెఫ్ట్ ఆర్మ్ స్పిన్‌కి మారింది. 2024 డిసెంబర్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకు తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో మొదటి వన్డే. జూన్‌లో ఇంగ్లండ్ మీద ఆడిన మొదటి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు! ఆ సిరీస్‌లో మొత్తం 10 వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ కూడా తనే. వేలం నుంచి అక్కడికి ఏడు నెలలే. మనకైతే ఆ టైమ్‌లో ఒక సెమిస్టర్, దాని సప్లీలు అయిపోతాయి అంతే.

ఇక అసలు విషయం. వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియాతో రెండు మ్యాచ్‌లు ఆడాం.

మొదటిది వైజాగ్‌లో, అక్టోబర్ 12న. మనం 330 కొట్టాం, వాళ్లు 49 ఓవర్లలో 331 కొట్టేశారు. అప్పటికి మహిళల వన్డేల్లో అదే పెద్ద ఛేజ్. శ్రీచరణి మాత్రం 10 ఓవర్లలో 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. 142 కొట్టిన హీలీని ఔట్ చేసింది కూడా తనే. మిగతా 39 ఓవర్లలో ఎక్స్‌ట్రాలతో కలిపి 290 పరుగులు వెళ్లాయి, అంటే ఓవర్‌కి 7.4. తనది 4.1. సొంత రాష్ట్రంలో అంత బాగా వేసి ఓడిపోవడం ఎలా ఉంటుందో!

రెండోది నవీ ముంబైలో సెమీఫైనల్. ఆస్ట్రేలియా 338కి ఆలౌట్. శ్రీచరణి 10 ఓవర్లు, 49 పరుగులు, 2 వికెట్లు. ఆ రెండిట్లో ఒకటి మూనీది. మూనీ లెఫ్ట్ హ్యాండర్. లెఫ్ట్ ఆర్మ్ స్పిన్ ఆమె లాంటి బ్యాటర్లకి లోపలికి తిరుగుతుంది, లెగ్ సైడ్ కొట్టడం ఈజీ. అందుకే చాలామంది కెప్టెన్లు అలాంటప్పుడు ఈ రకం బౌలర్‌ని పక్కన పెడతారు.

ఇప్పుడు చిన్న లెక్క. ఆ రోజు మిగతా వాళ్ల రేటు దాదాపు 7.25. శ్రీచరణి పది ఓవర్లు కూడా అదే రేటుకి వెళ్లుంటే ఇంకో 23 పరుగులు, టార్గెట్ 360 దాటేది. మనం గెలిచింది 9 బంతులు మిగిలుండగా. ఆ 9 బంతుల్లో ఇంకో 20కి పైగా కొట్టాలంటే ఎవరికైనా కష్టమే. జెమీమా 127 నాటౌట్ గురించి అందరం మాట్లాడుకున్నాం, మాట్లాడుకోవాలి కూడా. ఆ ఇన్నింగ్స్‌కి సరిపోయే టార్గెట్ మిగలడంలో ఈ పది ఓవర్ల వాటా ఉంది.

ఫైనల్లో దక్షిణాఫ్రికా బ్యాటర్ బాష్‌ని డకౌట్ చేసింది. కప్ వచ్చాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండున్నర కోట్లు ప్రకటించింది. ఢిల్లీ టీమ్ ఆమెని వదిలేసి, ఆ నవంబర్ వేలంలో మళ్లీ కొనుక్కుంది. ఈసారి 1.3 కోట్లు పెట్టాల్సొచ్చింది.