మోటారు సైకిలు హ్యాండిలు వణుకు – కారణాలు, తగ్గించే మార్గాలు

స్టడీ అవర్‌లో స్టీలు స్కేలును బల్ల అంచున నొక్కిపట్టి, బయటికి వచ్చిన కొసను వేలితో మీటి "జుయ్" అనిపించని వాళ్ళు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. మేమూ అనిపించాము, తిట్లూ తిన్నాము. ఆ స్కేలు పాఠం ఏడేళ్ళ తరువాత, ఎం.ఎస్సీ. ఫిజిక్సు చదివే రోజుల్లో, మా ఇంటి అవసరానికే పనికి వస్తుందని అప్పుడు తెలియదు.

మా నాన్నది కూరగాయల వ్యాపారం. తెల్లవారుజామున తిరువూరులో సరుకు ఎత్తుకొని, గంపలగూడెం వచ్చి, ఊటుకూరు, నెమలి, వినగడప వైపు ఊళ్ళు తిరుగుతారు. పాత 100 సి.సి. బండి, వెనుక రెండు గంపలు, ముందు ట్యాంకు మీద ఒక సంచి. రోజుకు నాలుగు గంటలైనా చేతులు హ్యాండిలు మీదే ఉంటాయి. కిందటి దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న చొక్కా గుండీలు అమ్మ పెడుతుండగా చూశాము. బేరం దగ్గర చిల్లర ఇవ్వబోతే రూపాయి బిళ్ళలు జారిపోతున్నాయట. అడిగితే "వయసురా, తిమ్మిర్లు" అని ఊరుకున్నారు. అప్పటికే ఎవరో చెబితే బలం బిళ్ళలు రెండు నెలలు మింగారు.

పట్టుబట్టి డాక్టరు గారికి చూపించాము. ఆయన మొదట షుగరు పరీక్ష చేయించారు. షుగరు ఉన్నా వేళ్ళు మొద్దుబారతాయి కనుక ఆ పరీక్ష ఎవరికైనా ముందు చేయించవలసిందే. షుగరు లేదని తేలాక ఏ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని అడిగారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. చిటికెనవేలు బాగానే ఉంది. మణికట్టులో ఇరుకైన దారి గుండా వెళ్ళే మీడియన్ నాడి సరిగ్గా ఈ వేళ్ళకే స్పర్శ ఇస్తుంది. చిటికెనవేలిది వేరే నాడి. "బండి మీద తిరగడం తగ్గించు, లేదా ఆ వణుకైనా తగ్గించుకో" అన్నారు డాక్టరు గారు. తిరగడం తగ్గితే రాబడి తగ్గుతుంది. మా మెస్ బిల్లు కట్టేది ఆ రాబడిలో నుండే. కనుక మిగిలింది రెండో దారి.

వణుకు వల్ల చేతులు చెడడం కొత్త సంగతి కాదు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు సున్నపురాయి చెక్కే కార్మికులను పరీక్షించారు. గాలి ఒత్తిడితో నడిచే సుత్తులు పట్టుకున్న వారి వేళ్ళు చలికి తెల్లబడి, మొద్దుబారిపోవడం గమనించి రాశారు. ఐరోపా దేశాలు 2002లో పనివాళ్ళ చేతులకు తగిలే కంపనానికి ఒక లెక్క పెట్టాయి. ఎనిమిది గంటల పనిదినం మీద సగటున సెకను వర్గానికి 2.5 మీటర్లు దాటితే యజమాని తగ్గించే చర్యలు తీసుకోవాలి. 5 మీటర్లు దాటనే కూడదు. మా నాన్నకు యజమాని లేడు. కాబట్టి ఆ చర్యలేవో మేమే తీసుకోవాలనుకున్నాము.

ఇక అసలు పాఠంలోకి వద్దాం. వణుకు ఎక్కడ పుడుతుంది?

ఒకే సిలిండరు ఉన్న ఇంజనులో పిస్టను పైకి వెళ్ళి ఆగి, కిందికి వచ్చి ఆగి, మళ్ళీ పైకి వెళ్తుంది. ఒక వస్తువును ఆపాలన్నా తిప్పి పంపాలన్నా బలం కావాలి. ఆ బలానికి ప్రతిచర్య ఇంజను మీద పడుతుంది, ఇంజను నుండి ఛాసిస్‌కు, ఛాసిస్ నుండి హ్యాండిలుకు చేరుతుంది. అది ఎంత బలం? మనందరికీ తెలిసిన స్ప్లెండర్ బండి ఇంజను తీసుకుందాం. అది 97.2 సి.సి., పిస్టను ప్రయాణ దూరం 49.5 మి.మీ. అందులో సగం, అంటే 24.75 మి.మీ., క్రాంకు వ్యాసార్థం. పైకీ కిందికీ కదిలే భాగాల బరువు 150 గ్రాములు అనుకుందాం (లెక్క కోసం మేము అనుకున్నదే). గరిష్ఠ బలం = ద్రవ్యరాశి × వ్యాసార్థం × కోణీయ వేగ వర్గం. నిమిషానికి 6000 చుట్లు అంటే సెకనుకు 100 చుట్లు, కోణీయ వేగం సుమారు 628. లెక్క కడితే దాదాపు 1466 న్యూటన్లు వస్తుంది. మన భాషలో సుమారు 149 కిలోల బరువు, అంటే మూడు సిమెంటు బస్తాలు. 150 గ్రాముల ముక్క మూడు బస్తాల బలంతో సెకనుకు వందసార్లు పైకీ కిందికీ కొడుతుందన్న మాట! మొదటిసారి లెక్క వేసినప్పుడు తప్పు చేశామేమోనని మళ్ళీ వేసుకున్నాము.

మరి బండి ముక్కలైపోదేం? క్రాంకుకు ఎదురుగా బరువు పెడతారు కనుక. పిస్టను పైకి వెళ్ళేటప్పుడు ఆ బరువు కిందికి వస్తుంది. కానీ పూర్తిగా సరిపోయే బరువు పెట్టారనుకోండి, అది చుట్టూ తిరిగేది కాబట్టి పక్కకు వచ్చినప్పుడు ఎదురు నిలిచే పిస్టను ఉండదు. అప్పుడు నిలువు వణుకు పోయి అడ్డం వణుకు అంతే బలంతో వస్తుంది. అందుకని సుమారుగా సగానికి సరిపెట్టి, మిగతాది రెండు దిక్కులకూ పంచుతారు. అంటే పాత పద్ధతి ఇంజనులో కొంత వణుకు ఎప్పుడూ మిగిలే ఉంటుంది, అది మెకానిక్ తప్పు కాదు. దీనికి మందుగా కొన్ని ఇంజన్లలో క్రాంకుకు వ్యతిరేక దిశలో అంతే వేగంతో తిరిగే బ్యాలెన్సరు షాఫ్టు అమరుస్తారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో తెచ్చిన మీటియర్ 350లోనూ, 2021 నాటి కొత్త క్లాసిక్ 350లోనూ ఉన్నది అదే. పాత బుల్లెట్ ఎక్కి, కొత్తది ఎక్కి చూసిన వాళ్ళకు తేడా చేతుల్లోనే తెలుస్తుంది. ఇంగ్లాండులో నార్టన్ కంపెనీ 1967లో కమాండో బండికి వేరే దారి పట్టింది: ఇంజనును రబ్బరు మధ్య కూర్చోబెట్టి, వణికితే దాన్నే వణకనిచ్చింది.

బలం కోణీయ వేగ వర్గాన్ని బట్టి ఉంటుందని చూశాం కదా. ఇందులో ఒక చవకైన ఉపాయం ఉంది. అదే గేరులో 60 కిలోమీటర్ల వేగం నుండి 50కి దిగితే బలం 36 పాళ్ళ నుండి 25 పాళ్ళకు దిగుతుంది. అంటే నూటికి 30 వంతులు పైగా తగ్గుతుంది. 30 కిలోమీటర్ల దారిలో పోయే సమయం ఆరు నిమిషాలు మాత్రమే. పైసా ఖర్చు లేదు. నాన్నకు చెబితే "ఆరు నిమిషాల్లో ఇంకో బండివాడు ఊళ్ళోకి దూరతాడ్రా" అన్నారు. మా లెక్కలో ఆ పద్దు లేదు.

ఇప్పుడు స్కేలు సంగతి. స్కేలు పొడవును బట్టి దానికొక సహజ పౌనఃపున్యం ఉన్నట్లే హ్యాండిలుకూ ఒకటి ఉంటుంది. ఇంజను కొట్టే పౌనఃపున్యం దానితో కలిసినప్పుడు, ఉయ్యాల ఊపును పట్టి తోసినట్లు, కంపన పరిమితి పెరిగిపోతుంది. ఇదే అనునాదం. బండి ఫలానా వేగం దగ్గర మాత్రమే చేతులు జివ్వుమని, అది దాటగానే తగ్గితే కారణం ఇదేనని తెలుసుకోవాలి. స్కేలు కొసకు కాస్త బంకమట్టి ముద్ద అంటించి మీటి చూడండి, నెమ్మదిగా ఊగుతుంది. ద్రవ్యరాశి పెరిగితే సహజ పౌనఃపున్యం తగ్గుతుంది. హ్యాండిలు కొసల్లో ఇనుప బరువులు పెట్టడంలోని రహస్యం ఇంతే.

ఇంత తెలిసీ మేము మొదట తప్పే చేశాము. మందపాటి ఫోము గ్రిప్పులు కొన్నాము. అవి లావుగా ఉండడంతో నాన్న ఇంకా బిగించి పట్టుకోవలసి వచ్చింది. బిగించి పట్టేకొద్దీ వణుకు చేతిలోకి ఎక్కువగా వస్తుంది. వారానికే తీసేశారు. తరువాత లేతు పనివారి దగ్గర రెండు ఇనుప బరువులు చేయించి, సైకిలు ట్యూబు ముక్క చుట్టి హ్యాండిలు గొట్టంలోకి బిగించాము. 60 దగ్గర వణుకు తగ్గింది గానీ 45 దగ్గర కొత్తగా మొదలైంది. గంపల బరువుతో నాన్న నడిపేది ఆ వేగంలోనే! అనునాదాన్ని పోగొట్టలేదు, నాన్న దారిలోకి తెచ్చి పెట్టాము. "నీ చదువుకో దండంరా చిన్నోడా" అన్నారు నవ్వుతూ.

అప్పుడు సెల్‌ఫోనులో కంపనాలు కొలిచే అప్లికేషను పెట్టి, ఫోనును హ్యాండిలుకు కట్టి చూశాము. ఇక్కడ తమ్ముళ్ళు ఒక జాగ్రత్త గుర్తుంచుకోవాలి. సెకనుకు 100 సార్లు కొలిచే ఫోను 50 హెర్ట్జ్ దాటిన కంపనాన్ని సరిగ్గా చూపదు, దాన్ని తక్కువ పౌనఃపున్యంగా చూపి మోసం చేస్తుంది. 6000 చుట్ల దగ్గర మనకు కావలసింది 100 హెర్ట్జ్. అందుకే ఫోను పక్కన పెట్టి, ఊళ్ళో మెకానిక్ బాబాయి దగ్గరికి వెళ్ళాము. ఆయన చదివింది ఐదో తరగతి.

ఆయన పద్ధతి చూడండి. బండిని స్టాండు మీద ఉంచి న్యూట్రల్‌లో రేజు చేశారు. అక్కడే హ్యాండిలు వణికితే దోషం ఇంజను వైపు. తరువాత ఖాళీ రోడ్డు మీద వేగం అందుకొని క్లచ్చు పట్టి యాక్సిలరేటరు వదిలారు. అప్పుడు వణుకు ఆగిపోతే ఇంజను, ఆగకపోతే చక్రం, రిమ్ము, బేరింగు, కోన్ సెట్టు. మా బండికి ఆగిపోయింది. టార్చి వేసి చూస్తే ఇంజనును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి వదులై, దాని రంధ్రం కోలగా అరిగి ఉంది. హ్యాండిలు క్లాంపు కింది రబ్బరు బుష్‌లు గట్టిపడి పగిలిపోయాయి. చైను ఒకచోట బిగువు, ఒకచోట వదులు. మేము కొసన బరువులు వేస్తూ కూర్చున్నాము, మొదట్లో బోల్టు వదులు! పిండి మర కింద బోల్టు ఊడితే గోడలు అదురుతాయని మా అమ్మకు కూడా తెలుసు.

కొత్త బోల్టు, బుష్‌లు, చైను సెట్టు వేశారు. చైను సెట్టే ఖరీదు, మిగతావి కలిపి మూడు వందల లోపే. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, ఇంజను నిటారుగా కూర్చున్నాక ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగించారు. ఒకటే ముందు బిగించేస్తే ఛాసిస్ మెలికపడి కొత్త వణుకు వస్తుందట. టైర్ల గాలి బండి మీది పట్టీ ప్రకారం తగ్గించారు. బరువు మోస్తుందని నాన్న రెండింట్లోనూ రాయిలా కొట్టించేవారు. వెనుకదానికి బరువును బట్టి పెంచవచ్చు గానీ ముందుదానికి అవసరం లేదు. చివరికి మా ఇనుప బరువులు మళ్ళీ పెట్టారు, ఈసారి కాస్త తేలికవి. ఇవి పెట్టుకునే వాళ్ళు కుడివైపు యాక్సిలరేటరు గ్రిప్పు వదలగానే దానంతట అది వెనక్కి వస్తున్నదో లేదో తప్పక చూసుకోవాలి. బరువుకు రాసుకొని ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు.

బోల్టు మళ్ళీ వదులవుతుందేమో తెలియడానికి మా చెల్లి గోళ్ళరంగుతో నట్టు మీదుగా ఛాసిస్ మీదికి ఒక సన్నని గీత గీశాము. గీత రెండుగా విడితే నట్టు కదిలినట్టే. చెల్లి వారానికొకసారి చూసి ఫోను చేస్తుంది.

ఇది రాసేనాటికి నాలుగు నెలలైంది. రాత్రిళ్ళు చేతులు దులుపుకుంటూ లేవడం మానేశారు. పై గుండీ తప్ప మిగతావి నాన్నే పెట్టుకుంటున్నారు. చూపుడువేలి కొసన మొద్దుదనం ఇంకా ఉంది. మళ్ళీ చూపించమని డాక్టరు గారు చెప్పిన రోజు వచ్చే సోమవారం. ఆ రోజు తిరువూరు సరుకుకు బండి మేము తీసుకువెళ్తాము.