ఓడ యడుగును కడుగు యంత్రములు

సముద్రము మన మాదాపూరునకు చాల దూరము. అయినను సముద్రశాస్త్రము మనకు దూరము కాదు. సునామీలను, తుపాను కెరటములను కనిపెట్టి తీరవాసులను హెచ్చరించు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము 1999వ సంవత్సరమున స్థాపింపబడి, మన హైదరాబాదు నగరమునందే పనిచేయుచున్నది. కావున ఓడల యడుగును గూర్చిన యీ పాఠము మెట్టనాటి బాలబాలికల కేల యని యెవరును శంకింప నక్కఱలేదు.

శుభ్రమైన యొక రేకును సముద్రజలమున వ్రేలాడదీసినచో, కొలది గంటలలోనే దానిపై సూక్ష్మజీవులు చేరి జిగురుపొర నేర్పఱచును. కొన్ని దినములకు పాచి పట్టును. అటుపిమ్మట గుల్లజీవులు వచ్చును. వీనిలో బార్నకిల్ అనునది ముఖ్యమైనది. పైకి నత్తవలె తోచినను ఇది రొయ్యకును పీతకును చుట్టము. దీని పిల్ల మొదట నీటిలో స్వేచ్ఛగా నీదును. చివరిదశలో తన మీసములతో ఉపరితలమును తడవి చూచి, నచ్చిన తావున తలక్రిందుగా నిలిచి, నీటిలోనే గట్టిపడు బంక నొకదానిని స్రవించి, జీవితాంత మచ్చటనే యుండిపోవును. తడిసిన గోడకు కాగిత మంటించుటయే మనకు కష్టము. ఈ చిన్నప్రాణి యుప్పునీటిలో నినుమునకు తన్ను తా నంటించుకొనుచున్నది! జీవశాస్త్రజ్ఞుడగు డార్విను ఈ జాతి ప్రాణులను పరిశీలించుటకు ఎనిమిది సంవత్సరములు వెచ్చించె ననిన ఆశ్చర్యము లేదు.

దీనివలన ఓడకు నష్ట మేమనగా, నున్నని తలముపై జాఱిపోవలసిన నీరు గరుకుతలముపై సుడులు తిరిగి ఓడను వెనుకకు పట్టును. ఒక యుద్ధనౌకను గూర్చి 2007లో ప్రకటింపబడిన గణనము ననుసరించి, అడుగంతయు దట్టముగా గుల్లలు పట్టినయెడల, అదే వేగముతో పోవుటకు 86 శాతము వఱకు నధికశక్తి కావలసివచ్చును. ఆ శక్తి యంతయు నూనె మండింపగా వచ్చునదే. నూనె ఖర్చు సరకు కూలిపైనను, సరకు కూలి మన యింటి సామానుల ధరపైనను పడును.

పూర్వులు దీనికి పెక్కు ఉపాయములు పన్నిరి. 1761లో ఆంగ్లేయుల నౌకాదళము అలారమ్ అను కఱ్ఱయోడ యడుగునకు రాగిరేకులు తాపించి చూచెను. రాగి మెల్లగా కరగుచు ప్రాణులను దరిజేరనీయదు. అయితే రేకు లరిగిపోవుచుండుటచే, 1824లో హంఫ్రీ డేవీ యను రసాయనశాస్త్రజ్ఞుడు రాగిని కాపాడుటకై ఇనుప, తుత్తునాగపు ముక్కలను దానికి తగిలించెను. రాగి కరగుట నిలిచెను. వెంటనే గుల్లలు విచ్చలవిడిగా పట్టెను! విషము కరగినంతకాలమే అది పనిచేయు నని దీనివలన తేలినది. ఇరువదవ శతాబ్దమున తగరపు సమ్మేళనములు కలిపిన రంగులు వచ్చినవి. అవి యోడలను చక్కగా కాపాడినవి గాని, రేవులలోని ఆల్చిప్పలను, నత్తలను వికృత మొనర్చినవి. అందుచే 2001లో చేయబడిన అంతర్జాతీయ నిబంధన 2008లో అమలులోనికి వచ్చి వానిని నిషేధించెను.

ఇక మన తెలుగుతీరపు సంగతి చూతము. 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన జలఉష యను నోడ నీటిలోనికి దింపబడిన విశాఖపట్టణము మనకు ముఖ్యమైన నౌకాకేంద్రము. అచ్చటి రేవులో, అమెరికా ఖండపు ఉష్ణజలములకు చెందిన యొక చిన్న ఆల్చిప్ప 1960 దశకపు చివర కనబడెను. ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు దానిని గూర్చి 1971లో ప్రకటించిరి. అది రేవుగోడలకు, పడవలకు గుత్తులు గుత్తులుగా పట్టినది. ఓడల యడుగున నంటుకొని వచ్చియుండు నని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఇదే జాతి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విను నగరపు పడవరేవులలో ప్రవేశింపగా, అచ్చటివారు రేవులను మూసి, నీటిలో క్లోరినును, మైలుతుత్తమును కలిపి దానిని నిర్మూలించిరి. తలుపులు మూయుటకు వీలైన చిన్నరేవు లగుటచే అది సాధ్యమైనది. విశాఖవంటి పెద్దరేవున కట్లు చేయ నెవరికి శక్యము?

కాబట్టి ఓడ నెచ్చట కడుగవలెను, రాలిన మలిన మేమి కావలెను అనునవి చిన్నప్రశ్నలు కావు. పొడిరేవున కెక్కించి కడుగుట శ్రేష్ఠమే గాని, దానికి చాల వ్యయము, కాలహరణము. గజయీతగాండ్రు నీట మునిగి గీకుట రెండవ పద్ధతి. మసకనీటిలో, బరువైన యోడ క్రింద, ఒడలినిండ తొడుగులతో చేయవలసిన యీ పని మిక్కిలి యపాయకరము. ఆ పనిని యంత్రమునకు అప్పగించుట మేలని మే మనుకొందుము.

2013లో దుబాయిలో హల్‌వైపర్ అను యంత్రము పనిలోనికి వచ్చెను. ఇది సముద్రపునీటినే తీవ్రముగా చిమ్మి కడుగును; రాలినదానిని పీల్చి సేకరించును. 2020లో నార్వేదేశపు యోటున్ అను రంగుల సంస్థ హల్‌స్కేటర్ అను యంత్రమును ప్రకటించెను. దీని చక్రములు అయస్కాంతము లగుటచే ఉక్కు గోడను బల్లివలె పట్టుకొనును. అల్యూమినియపు పడవపై మాత్ర మీ యుపాయము సాగదు.

నీటిలో యంత్రము తానెచ్చట నున్నదో తెలిసికొనుట గొప్ప చిక్కు. ఆకాశమునుండి దారిచూపు ఉపగ్రహముల రేడియోతరంగములు నీటిలోనికి చొరవు. చక్రము లెన్నిసార్లు తిరిగినవో లెక్కించినను, జిగురుపై జాఱినచో లెక్క తప్పును. లోతు మాత్రము సులభముగా తెలియును. ప్రతి పది మీటరులకు ఒక వాయుమండలమంత యొత్తిడి హెచ్చుచుండును గదా!

పరీక్షయందు మఱియొక చిక్కు గలదు. కుంచె మెత్తనైనచో గుల్ల పీఠము మిగిలిపోవును. గట్టిదైనచో రంగు లేచిపోయి, అందలి రాగి రేవునీటిలో కలియును, పైగా ఓడకు మరల త్వరగా పాచి పట్టును. అందుచే తొలుత తొట్టెలోను, పిమ్మట పాచి పట్టించిన పలకలపైనను, చివర నిజమైన యోడపైనను పరీక్షింతురు. ఎంత శుభ్రమయ్యె నని మాత్రమే చూచిన చాలదు. ఎంత రంగు పోయినది, రాలినదానిలో నెంత పట్టుబడినది యని తూచి చూడవలెను. ఫ్లోరిడా సాంకేతిక విద్యాలయమువారు రంగు వేసిన పలకలను సముద్రమున ముంచి వారమున కొకసారి మెత్తని కుంచెలతో తుడిచి చూడగా, గుల్లలు స్థిరపడక మునుపే పోవుచుండెను. పెద్దపిమ్మట గీకుటకంటె పాచిదశలోనే తుడుచుట మేలని తేలినది. అయినను చుక్కాని సందులు, నీరు పీల్చుకొను గూళ్లు మున్నగు మూలలకు యంత్రము సరిగా చేరజాలదు. ఆల్చిప్పలు దాగునదియు అచ్చటనే.

మన బడిలోనే యొక చిన్న పరీక్ష చేయవచ్చును. ఒకే కొలతగల గాజుపలకను, రంగు వేసిన రేకును, రాగిరేకును తూచి, ఎండ తగులు నీటితొట్టెలో ఆఱు వారములు వ్రేలాడదీయుడు. మంచినీట బార్నకిల్ పుట్టదు గాని పాచి తప్పక పుట్టును. వారమున కొకసారి సగభాగమును మెత్తని కుంచెతో తుడిచి, తక్కినసగమును ముట్టక విడువుడు. చివర రెండుసగముల పాచిని వేఱువేఱుగా గీకి, ఆరబెట్టి, తూచి, ఫలితమును పట్టికగా వ్రాసి సైన్సు ఉపాధ్యాయులకు చూపుడు.