రోటావేటర్ షాఫ్టు బిగించేటప్పుడు జాగ్రత్త!
ట్రాక్టర్ పీటీఓ నుంచి రోటావేటర్‌ను తిప్పే షాఫ్టుకు రెండు చివర్లా క్రాస్ జాయింట్లుంటాయి. షాఫ్టు వంపులోనూ తిరిగేది వీటివల్లే. కానీ వంపులో ఒక్క జాయింటు సమంగా తిప్పదు. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతున్నా, 30 డిగ్రీల వంపులో అవతలి వేగం ప్రతి చుట్టులో రెండేసిసార్లు దాదాపు 468కి తగ్గి, 624కి పెరుగుతుంది. ఈ కుదుపును రెండో జాయింటు సరిచేస్తుంది.

అందుకు గొట్టం రెండు చివరల ఫోర్కులు ఒకే వరుసలో ఉండాలి. టాప్ లింకు సవరించి రెండు జాయింట్ల వంపూ సమానం చేయాలి. గ్రీజు కోసం గొట్టాలు విడదీసే ముందు రెండింటిమీదా రంగుతో గీత పెట్టుకోండి. పావుచుట్టు తేడాగా ఎక్కిస్తే కుదుపు తగ్గకపోగా రెట్టింపవుతుంది. క్రాసులు, బేరింగులు, గేరుబాక్సు దెబ్బతింటాయి.

గట్టు దగ్గర రోటావేటర్ ఎత్తేముందు పీటీఓ ఆపండి. ఇంజను ఆపనిదే షాఫ్టు ముట్టుకోవద్దు. తువ్వాలు కొస చుట్టుకున్నా ప్రాణానికే ముప్పు.