హెవీ మెటల్ గిటార్‌కు డిస్టార్షన్ పెడల్ ఎలా ఎంచుకోవాలి?



బదిలీల మీద ఎన్నో ఊళ్లు తిరిగాను. ప్రతి బడిలోనూ గిటార్ మోజున్న పిల్లలు కనిపించారు. ఇక్కడ భిలాయిలో పదకొండో తరగతి అబ్బాయి ఒకడు, “మేడమ్, ఏడాదిగా డబ్బులు దాచుకున్నాను. అన్నిటికంటే ఎక్కువ గెయిన్ ఉన్న పెడల్ కొంటే చాలు కదా?” అని అడిగాడు. దాచుకున్న సొమ్ము వృథా కాకూడదని నేనూ కొంత చదివి, విని ఈ పాఠం రాస్తున్నాను.

డిస్టార్షన్ అంటే ఏమిటి?

గిటార్ తీగ కదలికను పికప్ చిన్న విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. పెడల్ దాన్ని ఎన్నో రెట్లు పెంచి, హద్దు దాటిన తరంగాల కొనలను కత్తిరిస్తుంది. దాంతో కొత్త హార్మోనిక్స్ పుట్టి, ధ్వని గరుకుగా, నిండుగా మారుతుంది. ఆ పెంపు పేరే గెయిన్. అయితే స్వరంతో పాటు కరెంటు గుయ్యిమనే రొద కూడా పెరుగుతుంది. గెయిన్ మరీ ఎక్కువైతే స్వరాలన్నీ కలగాపులగమవుతాయి.

చరిత్ర ఏం చెబుతుంది?

మన భిలాయిలాగే బర్మింగ్‌హామ్ కూడా లోహపు కర్మాగారాల ఊరు. అక్కడ రేకుల కర్మాగారంలో పనిచేస్తూ 17 ఏళ్ల టోనీ అయోమీ రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నని తీగలతో మళ్లీ వాయించాడు. 1970లో బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ వచ్చేనాటికి నేటి మెటల్ పెడళ్లు లేవు. బాస్ కంపెనీ హెచ్ఎం-2 వచ్చింది 1983లో, మెటల్ జోన్ 1991లో. స్వీడన్ బృందం ఎంటూమ్డ్ మాత్రం 1990లో హెచ్ఎం-2 మీటలన్నీ చివరికంటా తిప్పి వాయించింది. వారి పాటకు అదే తగింది. కాబట్టి ముందు పాట, తర్వాత పెడల్.

కొనేముందు ఇలా పరీక్షించండి

1. మీ గిటార్‌నే దుకాణానికి తీసుకెళ్లండి. వీలైతే ఇంట్లో ఉన్నలాంటి ఆంప్‌తోనే, దాని క్లీన్ చానెల్‌లో వినండి.
2. గెయిన్ సగంలో ఉంచి, అరచేతి అంచుతో లావు తీగను అణచి వేగంగా మీటండి. ఒక్కో దెబ్బ విడిగా వినిపించాలి.
3. వాయించడం ఆపి, రొద ఎంతుందో గమనించండి.
4. మిడ్ మీట విడిగా ఉందేమో చూడండి. మిడ్ బాగా తగ్గిస్తే గదిలో ఒంటరిగా బాగుంటుంది కానీ, డ్రమ్స్, బేస్ తోడైతే మీ గిటార్ వినిపించదు.
5. అడాప్టర్ వోల్టేజి, ధ్రువాలు పెడల్ మీద రాసినట్టే ఉండాలి. చాలా పెడళ్లకు 9 వోల్టులు.

ఆ అబ్బాయి ఇలాగే నాలుగు పెడళ్లు విని, అన్నిటికంటే జోరైనది వదిలేసి వచ్చాడు. “రెండో పరీక్షలో అది తప్పింది మేడమ్” అన్నాడు. మిగిలిన డబ్బుతో కొత్త తీగలు కొన్నాడు.

అభ్యాసం

1. గెయిన్ పెరిగితే రొద ఎందుకు పెరుగుతుంది?
2. మీకు నచ్చిన ఒక పాట విని, గిటార్ ధ్వనిని ఐదు తెలుగు మాటల్లో వర్ణించండి.